ఒక్క సీటు, రెండు నాల్కలు

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు రిటైర్మెంట్ వయసు లేదు. అధ్యక్షుడు పేరు పంపి, పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్ ఒప్పుకుంటే జీవితాంతం ఉండొచ్చు. అందుకే తొమ్మిదింటిలో ఒక్క సీటు ఖాళీ అయినా పార్టీలు నువ్వా నేనా అంటాయి. పోటీ పడటంలో తప్పేం లేదు. అవసరాన్ని సిద్ధాంతంగా నమ్మించడమే మోసం.

2016 ఫిబ్రవరి 13న జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా చనిపోయారు. అధ్యక్ష ఎన్నికలకు ఇంకా దాదాపు తొమ్మిది నెలలుంది. ఆ రోజే సెనేట్‌లో రిపబ్లికన్ మెజారిటీ నాయకుడు మిచ్ మెకానెల్ తేల్చి చెప్పేశారు: ఈ ఎంపికలో ప్రజల మాట ఉండాలి, కొత్త అధ్యక్షుడు వచ్చేదాకా సీటు నింపకూడదు. డెమొక్రాట్ అధ్యక్షుడు ఒబామా మార్చిలో జడ్జి మెరిక్ గార్లాండ్ పేరు పంపారు. 1997లో 76-23 ఓట్లతో గార్లాండ్‌ను అప్పీల్ కోర్టుకు పంపిందీ ఈ సెనేటే. ఈసారి 293 రోజులు గడిచినా కనీసం విచారణ జరపలేదు.

ఎన్నికల ఏడాదిలో కుదరదన్నది పాత ఆనవాయితీ కూడా కాదు. 1988 ఫిబ్రవరిలో, అదీ ఎన్నికల ఏడాదే, డెమొక్రాట్ల చేతిలో ఉన్న సెనేట్ రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ పంపిన ఆంటొనీ కెన్నెడీని 97-0తో ఆమోదించింది. ఆ 97 మందిలో మెకానెల్ కూడా ఉన్నారు.

రిపబ్లికన్లు ‘బైడెన్ రూల్’ అని ఒకటి ముందుకు తెచ్చారు. 1992 జూన్‌లో, అప్పటి డెమొక్రాట్ సెనేటర్ బైడెన్ సెనేట్‌లో ఎన్నికల ఏడాదిలో ఆగాలన్నట్టు అలాంటి మాటే అన్న సంగతి నిజం. కానీ అప్పుడు సీటేదీ ఖాళీ లేదు, అది రూల్ కాలేదు. అలాగని డెమొక్రాట్లు కడిగిన ముత్యాలని కాదు. మైనారిటీ పార్టీ ఓటింగ్ జరగకుండా న్యాయమూర్తుల నియామకాలను అడ్డుకునే ఫిలిబస్టర్‌ను తీసేస్తామని 2005లో రిపబ్లికన్లు అంటే గట్టిగా వ్యతిరేకించిన డెమొక్రాట్ల నాయకుడు హ్యారీ రీడ్, మెజారిటీ తన చేతికొచ్చాక 2013లో కింది కోర్టుల వరకు తీసేశారు. 2013లో దాన్ని తిట్టిన మెకానెల్ 2017లో సుప్రీంకోర్టుకూ తీసేసి, గార్లాండ్‌కు దక్కని సీటులో నీల్ గోర్సచ్‌ను కూర్చోబెట్టారు.

2019 మేలో కెంటకీలోని పడూకాలో ఒక సభలో ఎవరో మెకానెల్‌ను అడిగారు: వచ్చే ఏడాది ఒక జస్టిస్ చనిపోతే ఏం చేస్తారు? ఆయన ఒక గుటక తాగి, నవ్వుతూ ‘నింపేస్తాం’ అన్నారు. ఇంత బాహాటంగా ఒప్పుకున్న సందర్భం అరుదు.

2020 సెప్టెంబరు 18న జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ కన్నుమూశారు. ఎన్నికలకు 46 రోజులే. ఆ రాత్రే మెకానెల్ ఓటింగ్ పెడతానని ప్రకటించారు. అధ్యక్షుడు ట్రంప్‌దీ సెనేట్ మెజారిటీదీ ఒకే పార్టీ కాబట్టి 2016తో పోల్చకూడదని వాదించారు. 2016లో జనానికి గట్టిగా వినిపించింది ఈ వాదన కాదు, ప్రజల మాట ముఖ్యమన్నది. ఆ ప్రజలు 2020లో ముందస్తు ఓట్లు వేస్తుండగానే, అక్టోబరు 26న, 52-48తో ఏమీ కోనీ బారెట్ నియామకం ఖరారైంది. వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ సుసాన్ కాలిన్స్ ఒక్కరే.

నన్ను ఎక్కువగా బాధించేది సౌత్ కరోలినా రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహమ్ తీరు. రిపబ్లికన్ అధ్యక్షుడు వచ్చి పదవీకాలం చివరి ఏడాదిలో సీటు ఖాళీ అయితే, ఈ మాటలనే నాకు వ్యతిరేకంగా వాడండని 2016లో కెమెరాల ముందు ఆయనే సవాలు విసిరారు. 2020లో బారెట్ విచారణ నడిపిన న్యాయ కమిటీకి ఛైర్మన్ ఆయనే. ప్రత్యర్థులు ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూపించారు. అయినా నవంబరులో సౌత్ కరోలినా ఆయన్నే గెలిపించింది.

2022 జూన్ 24న, 1973 నాటి అబార్షన్ హక్కును కొట్టేసిన అయిదుగురు జస్టిస్‌లలో గోర్సచ్, బారెట్ ఇద్దరూ ఉన్నారు.