ఐటీ కాదండీ, ఐటీఐ: ఒక కరెంటు పనివాడి అపోహలు – వాస్తవాలు

పెళ్ళి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాయన "ఏం చేస్తుంటారండీ?" అని అడుగుతాడు. "ఐటీఐ చేశానండీ" అని మొదలుపెడతాను. "ఐటీ" దాకా విని వెలిగిన మొహం, చివరి "ఐ" దగ్గరకొచ్చేసరికి లో వోల్టేజీ బల్బులా ఎర్రబారుతుంది. "ఓహో, కరెంటు పనా" అని పప్పులో నెయ్యి కలుపుకోవడంలో పడిపోతాడు. ఆ తర్వాత పెరుగన్నం దాకా మా ఇద్దరికీ మాటల్లేవు.

విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ వైరింగ్, రిపేర్లు చేస్తున్నాను. ఈ చిన్నచూపు నాకు కొత్త కాదు, పెద్దగా పట్టించుకోను కూడా. కాకపోతే అది మనిషి దగ్గర ఆగకుండా స్విచ్‌బోర్డు దాకా వస్తోంది. "వీడికేం తెలుసు" అనుకున్న ఇంట్లో వీడు చెప్పిన ఎర్తింగ్ కూడా పడదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: చదువు ఎక్కనివాళ్ళే ఐటీఐలో చేరతారు

మా బ్యాచ్‌లో చదువు ఎక్కనివాళ్ళు లేరని అనను. ఇంజనీరింగ్ కాలేజీల్లో మాత్రం లేరా? నేను చేరింది మాత్రం ఇంట్లో ఇంటర్ చదివించే స్తోమత లేక. పదో తరగతి అయ్యాక ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ళు. ఓమ్ సూత్రంతో మొదలుపెట్టి మోటారు వైండింగు, ట్రాన్స్‌ఫార్మర్, ఎర్తింగ్ దాకా అన్నీ చేత్తో చేయించి నేర్పుతారు. చివర్లో దేశమంతటికీ ఒకే రకం పరీక్ష, పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. ఆ తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా సంస్థలో శిక్షణ. ఇళ్ళకు వైరింగ్ చేయాలంటే రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ ఇంకొకటి. దారి అక్కడితో మూసుకుపోదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్ళకుండే ప్రవేశపరీక్ష ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరిన మిత్రుడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు.

ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. మైకేల్ ఫారడే లండన్‌లో కమ్మరి కొడుకు. పద్నాలుగేళ్ళకే పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే ఆయన బడి. 1813లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త వెంట సహాయకుడిగా యూరప్ ప్రయాణం కట్టాడు. డేవీగారి భార్య ఈయన్ని నౌకరు లెక్కన చూసి, నౌకర్లతో కలిసి తినమనేది. ఒక దశలో ఇదంతా వదిలేసి ఇంటికి పోదామనుకున్నాడు. పోలేదు. 1831లో ఆయన కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ మీదే మా ఊరి దగ్గరి నార్ల తాతారావు థర్మల్ స్టేషన్‌లో జనరేటర్లూ, మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మరూ నడుస్తున్నాయి. ఐటీఐలో మా సారు ఈ కథ చెప్పినప్పుడు నేను వెనక బెంచీలో నిద్రపోతున్నాను. విలువ తర్వాత తెలిసింది.

అపోహ: వైర్లు కలపడమేగా, ఎవరైనా చేస్తారు

కలపడం ఎవరైనా చేస్తారు. ఏ వైరును దేనికి కలపాలి, ఎంత బిగించాలి, ఎక్కడ కలపకూడదు అన్నదాంట్లో ఉంది పనంతా.

ఒక అపార్ట్‌మెంట్‌లో వంటింటి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు తెంచే స్విచ్చు) మాటిమాటికీ పడిపోతోందని పిలిచారు. చూస్తే 16 ఆంపియర్లది. ఒకే లైను మీద ఓవెనూ, రెండు కిలోవాట్ల గీజరూ నడుస్తున్నాయి. గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఓవెన్ కూడా తోడైతే పడిపోక ఏం చేస్తుంది? గీజర్‌కి విడిగా లైను లాగాలన్నాను. ఇంటాయన ఒప్పుకోలేదు. "ఆ 16 తీసేసి 32 వెయ్యి, సరిపోతుంది" అన్నాడు. గోడలో ఉన్నది రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, అంత లోడు మొయ్యదు సార్ అన్నాను. "నేను బీటెక్ ఈసీఈ. నాకే చెప్తున్నావా?" అన్నాడు. నా వల్ల కాదని వచ్చేశాను. ఆ సాయంత్రం ఇంకెవరో వచ్చి 32 వేశారు.

ఆరు నెలలకు ఆయనే ఫోన్ చేశాడు. వంటింట్లో ప్లాస్టిక్ కాలిన వాసన. అసలు ఎంసీబీ ఉండేది వైరును కాపాడటానికి. వైరు మొయ్యగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పోతుంటే మధ్యలో తెంచేస్తుంది. దాన్ని మార్చి పెద్దది వేయడమంటే కాపలావాడికి నిద్రమాత్ర ఇవ్వడమే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. వైరు మీది తొడుగు కరిగి పైపుకి అంటుకుపోయింది. లాగితే రాలేదు. టైల్స్ పగలగొట్టి గోడ చెక్కాల్సి వచ్చింది.

ఆయన్ని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. సూత్రాలు నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయనకు తెలియనిది ఆ గోడలో ఏ వైరుందన్న సంగతి. నాకు తెలిసింది అదే.

ఎర్తింగ్ గొడవ ఇంతకంటే పాతది. మూడు కాళ్ళ ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండే కాలు ఎందుకుందో చాలామందికి తెలియదు. మిగతా రెండిటికంటే ముందు సాకెట్‌ని తాకాలనీ, తీసేటప్పుడు అన్నిటికంటే ఆఖర్న వదలాలనీ దాన్ని పొడుగు చేశారు. కరెంటు ఆ వస్తువులోకి వచ్చేసరికే దాని ఒంటికి భూమితో చుట్టరికం కలిసిపోయి ఉంటుంది. జనం ఆ కాలినే విరగ్గొట్టి రెండు కాళ్ళ సాకెట్‌లో దూరుస్తారు. వద్దంటే "ఇన్నేళ్ళూ ఏం కాలేదుగా" అంటారు.

ఇక ఆర్‌సీసీబీ పెట్టించండి అంటే వచ్చే ఎదురు ప్రశ్న: "ఎంసీబీలు ఉన్నాయిగా, మళ్ళీ ఇదెందుకు? కమీషన్ వస్తుందా?" లెక్క చూడండి. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు కాసేపు పోయినా గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అంటే ప్రాణం పోయేంత కరెంటు ఎంసీబీ కంటికి ఆననే ఆనదు. ఫేజులో వెళ్ళినదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ సరిపోల్చుకుని, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి తెంచేసేది ఆర్‌సీసీబీ. ఎంసీబీ వైరుకి, ఆర్‌సీసీబీ మనిషికి. ఇదే మాట తెల్ల చొక్కా వేసుకున్న ఆర్కిటెక్టు చెప్తే తలూపి పెట్టించుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

అపోహ: పది నిమిషాల పనికి ఐదొందలా?

ఒక ఇంట్లో సగం లైట్లు మసకగా, సగం కళ్ళు జిగేల్‌మనేలా వెలుగుతున్నాయని రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. "మెయిన్ ఆపేయండి, దేన్నీ ముట్టుకోకండి" అని చెప్పి బండి తీశాను. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇలా జరిగితే మొదటి అనుమానం న్యూట్రల్ మీదే. న్యూట్రల్ ఊడితే రెండు ఫేజుల మధ్య ఉండే 400 పైచిలుకు వోల్టులు ఇంట్లో సామాన్ల మీద ఎలా పడితే అలా పంచుకుపోతాయి. తక్కువ లోడు ఉన్నవైపు ఎక్కువ వోల్టేజీ పడుతుంది. పాపం, టీవీలూ రౌటర్లూ ఉండేది అటువైపే. జేబులో పెట్టుకునే టెస్టర్‌తో ఇది తేలదు. ఫేజు ఉన్నచోట అది మామూలుగానే వెలుగుతుంది, అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్తుంది. మెయిన్ దగ్గర న్యూట్రల్ లగ్గు (వైరు కొసన బిగించే లోహపు ముక్క) కాలి వదులైపోయి ఉంది. కొత్తది వేసి బిగించాను. పది నిమిషాలే.

ఫ్రిజ్జూ టీవీ బతికాయి. ఐదొందలు అడిగితే ఇంటాయన వాచీ చూసుకుని "పది నిమిషాలేగా పట్టింది" అన్నాడు. గంట తంటాలు పడి, నాలుగు బోర్డులు విప్పి, రెండుసార్లు బజారుకి వెళ్ళొచ్చి ఉంటే మారుమాట్లాడకుండా ఇచ్చేవాడు. అందుకే కొందరు మావాళ్ళు కావాలని ఆలస్యం చేస్తారు. అది తప్పే. అలవాటు చేసింది ఎవరో కూడా చూడాలి. ఆ ఐదొందల్లోంచే బండి పెట్రోలూ, కరెంటు కొలిచే టాంగ్ టెస్టరూ, వైరు తొడుగు బాగుందో లేదో చూసే మెగ్గరూ, డ్రిల్లింగ్ మిషనూ వస్తాయి. పని దొరకని రోజులు కూడా అందులోంచే గడవాలి. మాకు పీఎఫ్ లేదు, సిక్ లీవు లేదు.

అపోహ: ఇంగ్లీషు రాదు కాబట్టి విషయం రాదు

"ఎర్త్ కొడుతోంది", "లోడు లాగుతోంది", "న్యూట్రల్ పోయింది" అంటే మా దగ్గర ఒక్కోదానికి ఒక్కో కచ్చితమైన అర్థం ఉంది. ఇంటి ఓనర్లు మాత్రం అన్నిటికీ కలిపి "షార్ట్ సర్క్యూట్" అంటారు. ఇందులో ఎవరిది సరైన భాషో మీరే చెప్పండి.

అపోహ: స్తంభాలెక్కే పని ఆడవాళ్ళకెందుకు

తెలంగాణలో ఆడపిల్లలు కోర్టుదాకా వెళ్ళి, స్తంభం ఎక్కే పరీక్ష పెట్టించుకుని, ఎక్కి చూపించి లైన్‌ఉమన్ ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఇంకేం రాయను.

అపోహ: డబ్బులిస్తున్నాం కదా, ఇంకా మర్యాద దేనికి

"కరెంటోడొచ్చాడు" అని లోపలికి కేకేస్తారు. పాతికేళ్ళ కుర్రాడు నలభై దాటిన నన్ను "నువ్వు" అంటాడు. కొన్ని అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ నన్ను సర్వీస్ లిఫ్టు వైపు పంపిస్తాడు, అందులోనేమో బల్బు వెలగదు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు నష్టం ఇంకోచోట ఉంది. మా పనిలో సగం డాక్టరు పని లాంటిది. ఎప్పుడు మొదలైంది, వానొచ్చినప్పుడేనా, మోటారు వేసినప్పుడా, ఈమధ్య గోడకి మేకు కొట్టారా అని అడగాలి. మనిషిని లెక్కచేయని ఇంట్లో వచ్చే జవాబు ఒక్కటే: "అదంతా నువ్వే చూసుకో, నీ పని." ఒకచోట మూడు గంటలు వెతికాక తెలిసింది, ముందురోజే దేవుడి పటం కోసం గోడకి డ్రిల్లింగ్ చేశారని. మేకు తిన్నగా పైపులోకే దిగింది. మొదట్లోనే ఆ ఒక్క మాట చెప్పి ఉంటే పదిహేను నిమిషాల పని.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్ళో సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు మాత్రం లెక్కలు మారాయి. నీళ్ళు తీశాక ప్రతి ఇంట్లో స్విచ్‌బోర్డుల నిండా బురద. మెయిన్ వేస్తే ఏమవుతుందోనని భయం. ఒక్కో బోర్డూ విప్పి, కడిగి, ఆరబెట్టి, మెగ్గర్ పెట్టి చూసి, అప్పుడు కరెంటు ఇస్తూ తిరిగాం. ఆ పదిహేను రోజులూ నన్ను "అన్నా" అనని ఇల్లు లేదు. ఒక పెద్దావిడ తనకే సరిగా లేని రోజున టీ పెట్టిచ్చింది. దీపావళి నాటికి చాలా ఇళ్ళలో మళ్ళీ "కరెంటోడు"నయ్యాను. ఆ పెద్దావిడ ఇంట్లో మాత్రం ఇప్పటికీ "నాయనా" అనే పిలుస్తుంది.

అపోహ: మాదే అసలు కష్టం, మిగతావాళ్ళదంతా సుఖం

ఈ అపోహ మాది. మేము తక్కువ తిన్నామా? నలుగురం ఎలక్ట్రీషియన్లు టీ కొట్టు దగ్గర చేరితే సాఫ్ట్‌వేర్ వాళ్ళని ఏకిపారేస్తాం. ఏసీలో కూర్చుని వేళ్ళాడిస్తే లక్షలంట, ఫ్యూజు మార్చడం రాదంట. మా అక్క కొడుకు హైదరాబాదులో అదే ఉద్యోగం. ఒకసారి వాడి గదిలో రెండు రాత్రులు ఉన్నాను. రాత్రి పదకొండున్నరకి అమెరికా వాళ్ళతో కాల్, తెల్లారి నాలుగింటికి ఇంకో కాల్. మధ్యలో ఏదో సర్వర్ పడిపోయిందని కంగారు. వాడి మొహం చూస్తే లైవ్ లైను మీద పనిచేస్తున్నవాడిలా ఉంది. మాకైతే ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని లైను ఆపే వీలుంటుంది. వాడికి అదీ లేదు.

ప్లంబర్లంటే మాకు మరీ లోకువ. "పైపులు జిగురేసి అతికించడమేగా" అనేవాణ్ణి. అవును, ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదా.

రెండంతస్తుల ఇల్లు ఒకటి. పైన సోలార్ వేణ్ణీళ్ళ ట్యాంకు, ఆ లైనుకి చిన్న పంపు. పంపు తిరుగుతోంది, పై బాత్‌రూములో వేణ్ణీళ్ళు రావట్లేదు. నన్ను పిలిచారు. కెపాసిటర్ మార్చాను. వైండింగ్ చూశాను, వోల్టేజీ చూశాను, అంతా బాగానే ఉంది. మర్నాడు మళ్ళీ వెళ్ళి, పంపు లోపల ఏదో అరిగి ఉంటుంది, కొత్తది కొనండి అని తేల్చేశాను. వాళ్ళు కొనేముందు ప్లంబర్‌ని కూడా పిలిచారు. నాకంటే పెద్దాయన, లుంగీ మీదే వచ్చాడు. పంపు వైపు చూడను కూడా లేదు. "కింద బాత్‌రూములో వస్తున్నాయా అమ్మా?" అని అడిగాడు. వస్తున్నాయన్నారు. "అయితే పంపుకేం కాలేదు, ఎయిర్ పట్టింది" అన్నాడు.

పై బాత్‌రూముకి వెళ్ళే పైపు తలుపు మీదుగా ఎక్కి మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ వంపులో గాలి ఇరుక్కుని నీళ్ళని ఆపేసింది. ఆయన పంపు ఆపించి, మిక్సర్ కుళాయి మూతికి అరచెయ్యి గట్టిగా అడ్డం పెట్టి, చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ రెండు పిడులూ తిప్పేశాడు. బయటికి దారిలేక చన్నీళ్ళు వేణ్ణీళ్ళ పైపులోకి ఎదురెక్కాయి. గోడలో గుడగుడమని చప్పుడు. చెయ్యి తీసి వేణ్ణీళ్ళొక్కటే వదిలితే నాలుగుసార్లు ఉమ్మినట్టు వచ్చి, తర్వాత ధారగా కారాయి. మొత్తం ఐదు నిమిషాలు. మూడొందలడిగాడు. ఇంటావిడ "ఐదు నిమిషాలకేనా?" అంది.

నేను కెపాసిటర్ డబ్బులు వెనక్కిచ్చేసి, ఆయన నంబరు తీసుకున్నాను. ఇప్పుడు ఎవరైనా పంపు పనిచేయట్లేదని పిలిస్తే టెస్టర్ బయటికి తీయకముందే అడుగుతాను: "అన్ని కుళాయిల్లోనా, ఒక్కదాన్లోనా?"