బ్రేకుకు పోసే పెట్రోలు

తిరుమల నుంచి దిగి అలిపిరి చేరిన కార్ల పక్కన కాసేపు నిలబడితే ముక్కుకు ఒక ఘాటైన వాసన తగులుతుంది. అది బాగా వేడెక్కిన బ్రేకు ప్యాడ్ల వాసన. తిరుపతివాళ్లకు అది ఎంతగా అలవాటైపోయిందంటే, బయటి ఊరివాళ్లు అడిగితే తప్ప మనకు గుర్తుకు రాదు. ఆరేళ్లుగా నేను నడుపుతున్న నాలుగు మీటర్ల లోపు చిన్న ఎస్‌యూవీని అమ్మి, పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ కారు కొనాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో మొదలైనప్పటి నుంచి నా ధ్యాస ఆ వాసన మీదే ఉంది. మనం డబ్బు పెట్టి పోయించుకున్న పెట్రోలు చివరికి వేడిగా మారి గాలిలో కలిసిపోయేది అక్కడే మరి.

లెక్క చూద్దాం. అలిపిరికీ తిరుమలకూ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, సామాను కలిపి 1,600 కిలోల బరువున్న కారును అంత ఎత్తుకు చేర్చడానికి, ఘర్షణను పక్కన పెట్టినా, దాదాపు 3 యూనిట్ల శక్తి కావాలి. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది కనుక, లీటరులో మూడో వంతుతో కారు కొండెక్కాలి. కానీ తాగిన పెట్రోలులో ముప్పై శాతం శక్తిని చక్రాలకు అందిస్తే ఇంజన్ బాగా పనిచేసినట్టే; మిగిలినదంతా రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా వేడిగా బయటికి పోతుంది. అందుకే ఎత్తు ఎక్కడానికే లీటరుకు పైగా ఖర్చవుతుంది.

అలా ఖర్చు పెట్టి సంపాదించిన 3 యూనిట్లు కొండ మీద నిలబడిన కారులో స్థితిశక్తిగా భద్రంగా ఉంటాయి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి వాడుకలో ఉన్నాయి. మొదటి ఘాట్ మీదుగా దిగేటప్పుడు ఈ 3 యూనిట్లలో ఒకటి టైర్ల ఘర్షణకూ గాలి నిరోధానికీ పోతుంది. మిగిలిన రెండింటినీ ఎక్కడో ఒకచోట ఖర్చు చేయకపోతే కారు అదుపు తప్పుతుంది. మామూలు కారులో ఆ పని బ్రేకులది. నాలుగు చక్రాల దగ్గర బ్రేకుల ఇనుము మొత్తం 30 కిలోలు అనుకుంటే, మధ్యలో చల్లారే వీలే లేకపోతే 2 యూనిట్ల శక్తి ఆ ఇనుమును 500 డిగ్రీల మేర వేడెక్కించగలదు. గాలి తగిలి చల్లారుతుంది కనుక అంతదాకా రాదు. అయినా అలిపిరిలో వచ్చే వాసనకు కారణం మాత్రం ఈ లెక్కే.

హైబ్రిడ్ కారు ఇక్కడే ఆశ పెడుతుంది. బ్రేకు నొక్కగానే దాని మోటారు జనరేటరుగా మారి, చక్రాల చలనంతో కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది. కరెంటు పుట్టించడానికి పడే శ్రమే బ్రేకులా పనిచేసి కారు వేగాన్ని తగ్గిస్తుంది. మా బావ నిరుడు ఇలాంటి కారు కొన్నాడు. ఒక శనివారం దర్శనం చేసుకుని దిగుతూ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, “చూడు బావా, దిగేకొద్దీ ఎట్లా నిండతా ఉందో” అన్నాడు. తెర మీద బ్యాటరీ బొమ్మలోని గడులు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చాయి. ఏడో మైలు దగ్గరి ఆంజనేయస్వామి విగ్రహం ఇంకా కనిపించకముందే అన్నీ నిండిపోయాయి. ఆ తర్వాత, బావ యాక్సిలరేటరు మీద కాలు పెట్టకపోయినా, ఇంజన్ పెద్దగా హోరెత్తడం మొదలుపెట్టింది. కారు పాడైందేమోనని వెనక సీట్లో ఉన్న మా అక్క కంగారు పడింది.

కారు పాడు కాలేదు. మన దేశంలో 2022లో వచ్చిన మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ కార్ల హైబ్రిడ్ రకాల్లో ఉండే బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్. ఆయుష్షు తగ్గకుండా ఉండేందుకు దాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వరు, పూర్తిగా నిండనివ్వరు. నడిమి భాగాన్నే వాడుకుంటారు. అంటే 2 యూనిట్ల వరద వస్తుంటే అర యూనిట్ కూడా పట్టని చెంబు పెట్టామన్నమాట. చెంబు నిండిన తర్వాత వచ్చే కరెంటుతో కారు తన ఇంజన్‌నే, చుక్క పెట్రోలు పోయకుండా, గిరగిరా తిప్పుతుంది. లోపలి గాలిని నొక్కుతూ తిరిగే ఆ ఇంజన్ మిగులు శక్తిని మింగేస్తుంది. మేము విన్న హోరు అదే. గేరు మీటను ‘బి’ స్థానంలో పెడితే ఈ పని ఇంకా ముందే మొదలై బ్రేకులు చల్లగా ఉంటాయి. 2022 నుంచి కొండ మీదికి తిరుగుతున్న ఆర్టీసీ విద్యుత్ బస్సులకు ఈ ఇబ్బంది లేదు. వాటి బ్యాటరీలు ఎన్నో రెట్లు పెద్దవి కనుక దిగుతున్నంతసేపూ కరెంటును దాచుకోగలవు. హైబ్రిడ్ కారు ఘాట్ కోసం పుట్టింది కాదని నాకు ఆ రోజు స్పష్టమైంది.

మరి అది ఎక్కడికి పనికివస్తుంది? ఊళ్లోకి.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారును సిగ్నల్ దగ్గర ఆపి, మళ్లీ అదే వేగానికి తీసుకురావడానికి సుమారు 15 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. మూడు టీ చెంచాలు. ఒక వారం పాటు నేను ఇంటి నుంచి ఆఫీసుకు పోయేటప్పుడు బ్రేకు నొక్కి కారును దాదాపుగా ఆపేసిన ప్రతిసారీ నోటితో లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. ఆరు కిలోమీటర్ల దారిలో తక్కువ వచ్చిన రోజు 17, ఎక్కువ వచ్చిన రోజు 26. అన్నిసార్లూ వేగం 50 ఉండదు. లీలామహల్ కూడలి దగ్గర ముప్పై దాటితే గొప్ప. అయినా రోజూ కొన్ని పదుల చెంచాల పెట్రోలును బ్రేకుకు పోస్తున్నానని అర్థమైంది. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీదుగా వెళ్లిన రోజు లెక్క సగానికి పడిపోయింది. ఇలా విడివిడిగా వచ్చే చిన్న చిన్న శక్తులను పట్టడానికి ఆ చెంబు సరిగ్గా సరిపోతుంది. ఒక్కసారి ఆగితే వచ్చేది యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా కాదు. బ్యాటరీ దానిలో సగమో, ఇంకొంచెం ఎక్కువో దాచుకుని, సిగ్నల్ పచ్చబడగానే మళ్లీ చక్రాలకు ఇచ్చేస్తుంది.

ఊళ్లో ఆదా అంతా బ్రేకు నుంచే వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. పెట్రోలు ఇంజన్ నెమ్మదిగా పోయేటప్పుడు చాలా అధ్వానంగా పనిచేస్తుంది. తక్కువ శక్తి చాలు కనుక గాలి లోపలికి వచ్చే ద్వారాన్ని దాదాపుగా మూసి ఉంచుతారు. నొక్కిపట్టిన స్ట్రా లోంచి కొబ్బరినీళ్లు పీల్చినట్టు ఇంజన్ ఆ సందులోంచి గాలి పీల్చడానికే శక్తి తగలేస్తుంది. హైబ్రిడ్‌లో నెమ్మది ప్రయాణాన్ని మోటారుకు అప్పగించి, ఇంజన్‌ను అది బాగా పనిచేసే స్థితిలోనే నడిపి, మిగతా సమయమంతా ఆపేస్తారు. దీనికి తోడు, ఇలాంటి చాలా కార్లలో ఇంజన్ 1880లలో జేమ్స్ ఆట్కిన్సన్ అనే ఇంగ్లండు ఇంజనీరు ఆలోచించిన పద్ధతిలో నడుస్తుంది. సిలిండరులోకి గాలి వచ్చే కవాటాన్ని ఆలస్యంగా మూస్తారు కనుక, నొక్కే గాలి తక్కువ, మండిన వాయువు వ్యాకోచించే దూరం ఎక్కువ. మండిన వాయువు నుంచి చివరిదాకా పని పిండుకోవడం దీని కిటుకు. ఇలాంటి ఇంజన్ ఒంటరిగా ఉంటే ఈడ్చే బలం తగ్గుతుంది; ఆ లోటును మోటారు పూడ్చగలదు కాబట్టే నూరేళ్లకు పైగా పక్కన పడి ఉన్న ఆలోచన 1997లో జపాన్‌లో విడుదలైన టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్‌తో కోట్ల ఇళ్లకు దారి చూసుకుంది.

ఇంజన్‌నూ మోటార్లనూ కలిపే గేరు అమరిక నన్ను మరీ ముగ్ధుణ్ని చేసింది. నడిమధ్య సూర్య చక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహ చక్రాలు, వాటన్నిటినీ చుట్టుకున్న పెద్ద పళ్ల వలయం. గ్రహాలను మోసే చట్రానికి ఇంజన్, సూర్యుడికి ఒక మోటారు, వలయానికి రెండో మోటారూ కారు చక్రాలూ తగిలించి ఉంటాయి. సూర్యుడి వేగాన్ని మారిస్తే చాలు, ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య నిష్పత్తి మారిపోతుంది. క్లచ్ లేదు, అరిగిపోయే బెల్టు లేదు, గేరు మార్చేటప్పటి కుదుపు లేదు. కొండెక్కేటప్పుడు ఇంజన్ ఒకే స్థాయిలో ఏకధాటిగా అరుస్తున్నట్టు వినిపించేది కూడా ఈ అమరిక వల్లనే.

కొనబోయేవారు ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. నేను వెళ్లిన ఒక షోరూమ్‌లో, బెల్టుతో ఇంజన్‌కు తగిలించిన చిన్న మోటారు ఉన్న కారును చూపించి, “ఇదీ హైబ్రిడ్డే సార్” అన్నారు. దాన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. అది సిగ్నల్ దగ్గర ఇంజన్‌ను ఆపి మళ్లీ లేపుతుంది, బయల్దేరేటప్పుడు కాస్త చేయి అందిస్తుంది; ఇంజన్ లేకుండా కారును నడపలేదు. నేను పైన చెప్పినదంతా స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి. పేరులో ఒకే మాట ఉన్నంత మాత్రాన రెండింటి పనీ ఒకటి కాదు.

ఇక బెంగళూరు దారి. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. మొగిలి ఘాట్‌ను, టోల్‌గేట్లను వదిలేస్తే బ్రేకు అవసరం పెద్దగా ఉండదు. అక్కడ శత్రువు గాలి. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎత్తైన ముఖం ఉన్న ఎస్‌యూవీకి అది మరీ భారం. గాలికి పోయిన శక్తిని ఏ మోటారూ వెనక్కి తేలేదు. హైవే మీద మామూలు ఇంజన్ కూడా మెరుగ్గానే పనిచేస్తుంది కనుక రెండు కార్ల మధ్య తేడా ఊళ్లో ఉన్నంతగా ఉండదు.

డబ్బు లెక్కకు వద్దాం. ఊళ్లో ఇప్పటి కారు లీటరుకు 13 కిలోమీటర్లు, హైబ్రిడ్ 21 ఇస్తాయనుకుంటే, వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 29 లీటర్లు మిగులుతాయి. లీటరు 110 రూపాయల చొప్పున అది 3,200 రూపాయలు. పాత కారు అమ్మగా ఇంకా ఏడు లక్షలు పెట్టాల్సి వస్తే, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి ఆ సొమ్ము రావడానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది. మూడు వేలు తిరిగేవారికి ఆరేళ్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కారుపై జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటిన హైబ్రిడ్‌పై 40 శాతం, విద్యుత్ కారుపై 5 శాతం. నాలుగు మీటర్ల గీత 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు పన్ను తగ్గించినప్పుడు గీసినది. పెట్రోలు ఆదా చేసే కారుకు, చేయని పెద్ద కారుకు ఒకే 40 శాతం వేయడం నాకు సమంజసంగా తోచదు.

మన ఎండల్లో బ్యాటరీ సంగతేమిటని చాలామంది భయపడతారు. కంపెనీలు సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు హామీ ఇస్తున్నాయి. లిథియం బ్యాటరీకి వేడి మంచిది కాదన్నది నిజం. ఈ రకం కార్లలో చాలావాటికి కారు లోపలి చల్లని గాలే బ్యాటరీని చల్లబరుస్తుంది. ఆ గాలి పోయే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. దాని మీద సంచులు, దుప్పట్లు పెట్టకుండా, దుమ్ము దులుపుతూ ఉంటే సగం భయం తీరుతుంది. డిక్కీలో కొంత చోటు మాత్రం బ్యాటరీకి వదులుకోక తప్పదు.

టెస్ట్ డ్రైవ్‌కు హైబ్రిడ్ షోరూమ్‌వాళ్లు ఉదయం పూట ఖాళీ బైపాస్ మీదికి రమ్మన్నారు. నేను సాయంత్రం ఆరు గంటలకు, ఆర్టీసీ బస్టాండు నుంచి లీలామహల్ మీదుగా కపిలతీర్థం దాకా కావాలని పట్టుబట్టాను. ఏసీ నడుస్తూనే ఉన్నా, దారి పొడవునా మూడింట రెండు వంతుల సమయం ఇంజన్ ఆగే ఉందని తెర చూపించింది. రోజంతా ఊళ్లో సరుకు షాపులు తిరిగే మా బావకు ఆ కారు సరైనదే. నేను తిరిగేది నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు, అందులో సగం బెంగళూరు దారి. నా పాత కారునే ఇంకొన్నేళ్లు ఉంచుకుంటున్నాను.

అయితే కొండ దిగే తీరు మార్చుకున్నాను. పెట్రోలు మిగులుతుందని కొందరు న్యూట్రల్‌లో దిగుతారు. అది ప్రమాదకరమే కాక లెక్కకు కూడా తప్పు. గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే నేటి ఇంజన్లలో పెట్రోలు పడడం పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆరిపోకుండా ఉండేందుకు పెట్రోలు కాలుతూనే ఉంటుంది. మొన్న మొదటి మలుపు నుంచీ రెండో గేరులోనే దిగాను. అలిపిరిలో పక్కకు ఆపి ముందు చక్రం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చూశాను. వెచ్చగా ఉంది. వాసన మాత్రం పక్క కారు నుంచి వస్తోంది.