112వ పేజీలో ఇడ్లీ బిల్లు

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల మధ్య ఒక క్వాంటం ఫిజిక్స్ పుస్తకం సగం ధరకి దొరికింది. రోజూ ఆఫీసుకి వెళ్తూ పర్పుల్ లైన్ మెట్రోలో చదివేవాణ్ణి. ఒకరోజు ఇందిరానగర్‌లో మొదలుపెట్టిన పేరా హలసూరు, ట్రినిటీ దాటి ఎంజీ రోడ్ వచ్చినా వదల్లేదు. మూడుసార్లు చదివాను. పక్కనున్న మా రూమ్మేట్, కడప కుర్రాడు, "ఏందన్నా, పేజీ తిప్పేది లేదా?" అన్నాడు. పొద్దున తిన్న ఇడ్లీ-వడ బిల్లు 112వ పేజీలో పెట్టి మూసేశాను. ఎనిమిది నెలలైంది. బిల్లు మీద అక్షరాలు కూడా వెలిసిపోయాయి.

బద్ధకం అనుకున్నాను. పూర్తిగా అదే కాదు.

194719562014 అనే అంకెల్ని ఒక్కసారి చూసి అప్పజెప్పమంటే ఎవరైనా తడబడతారు. తెలుగువాళ్లకి మాత్రం అవి మూడే ముక్కలు: స్వాతంత్ర్యం, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, రాష్ట్ర విభజన. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి ఏడు, రెండు అటూ ఇటూ అని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాశాడు. 2001లో అదే రంగంలోని నెల్సన్ కోవన్ ఆ లెక్కని నాలుగు దగ్గరికి దించాడు. ముక్క ఎంత పెద్దదన్నది మాత్రం మనకి ముందే ఏం తెలుసన్నదాన్ని బట్టి ఉంటుంది. "పోపు పెట్టు" అంటే మనకి ఒక్క మాట. వంట కొత్తగా నేర్చుకునేవాడికి నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, పైగా ఏది ముందో అన్న టెన్షన్. నా ఫిజిక్స్ పుస్తకం రచయిత కూడా కణాలకుండే ఒక గుణాన్ని "స్పిన్" అని ఊరికే అనేసి ముందుకెళ్లిపోతాడు. నా చేతులు అప్పటికే నిండిపోయి ఉంటాయి.

సమీకరణాలు లేకపోతే సులువనుకుంటాం. పుస్తకంలో ఒక్కో సమీకరణానికి అమ్మకాలు సగం పడిపోతాయని స్టీఫెన్ హాకింగ్‌కి ఎవరో చెప్పారట. 1988లో వచ్చిన ఆయన పుస్తకం 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్'లో ఐన్‌స్టైన్‌ది ఒక్కటే మిగిలింది. అయినా అది సగంలో ఆపేసినవాళ్ల పుస్తకంగానే పేరుబడింది. నన్నడిగితే, ఒక బొమ్మో చిన్న సమీకరణమో నాలుగు పేరాల బరువు మోస్తుంది.

సగం ధర సంగతీ చెప్పాలి. ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రయోగంలో, నాటకాల సీజన్ టికెట్లు కొన్నవాళ్లలో కొందరికి ముందుగా చెప్పకుండా డిస్కౌంట్ ఇచ్చారు. పూర్తి ధర పెట్టినవాళ్లే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకి వెళ్లారు. పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, అయినా లాక్కెళ్తుంది. నేను పూర్తి ధర పెట్టి ఉంటే ఇంకో యాభై పేజీలు ఈడ్చేవాణ్ణేమో, అర్థం కాకుండానే.

ఇప్పుడు పుస్తకం మా కడప కుర్రాడి దగ్గరుంది. నిన్న 64వ పేజీలో ఉన్నాడు, స్పిన్ అంటే ఏంటన్నా అని అడిగాడు. బిల్లు మాత్రం తియ్యొద్దని చెప్పాను.