వేటే లేనప్పుడు ప్యూమాకు ఏం భయం?

కాలిఫోర్నియాలో కుపర్టినో పక్కనున్న శాంటా క్రూజ్ కొండల్లో కెమెరా ట్రాపులు పెట్టి ప్యూమాలను గమనించడం నా పని. ప్యూమా అంటే పెద్ద అడవి పిల్లి జాతి జంతువు, మౌంటెన్ లయన్ అన్నా ఇదే. ట్రెయిల్ మీద కలిసే మనవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: 1990లో వేట ఆగిపోయింది, ఇక కాలిఫోర్నియాలో వీటికి ముప్పు లేదు.
వాస్తవం: అప్పుడు జనం ఓటేసి నిషేధించింది సరదా వేటనే. మేకల్నో గొర్రెల్నో పట్టుకుపోయిన ప్యూమాను చంపడానికి ఇప్పటికీ పర్మిట్ ఇస్తారు. రాత్రిపూట మేకల్ని పైకప్పున్న దొడ్లో కట్టేస్తే చాలావరకు ఆ గొడవే రాదు.

అపోహ: మనం దాని జోలికి పోకపోతే దానికేం నష్టం లేదు.
వాస్తవం: అసలు సంగతి ఇక్కడే ఉంది. ప్యూమా చంపి దాచుకున్న జింక దగ్గర పరిశోధకులు స్పీకర్లు పెట్టారు. అది తినడానికి రాగానే కొన్నిసార్లు మనుషుల మాటలు, కొన్నిసార్లు కప్పల అరుపులు వినిపించారు. కప్పల్ని దాదాపుగా పట్టించుకోలేదు. మాటలు వినపడితే మాత్రం చాలాసార్లు తిండి వదిలేసి పరుగే. అది తినే సమయం సగానికి పైగా తగ్గిపోయింది. 2017లో వచ్చిన ఈ ఫలితం ఈ కొండల్లోదే. కడుపు నిండకపోతే ఇంకో జింకను పట్టాలి కదా! ఇళ్లు ఎక్కువున్న చోట తిరిగే ఆడ ప్యూమాలు 36 శాతం ఎక్కువ జింకల్ని చంపుతున్నాయని అంతకుముందే తేలింది. బ్లూటూత్ స్పీకర్లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. పొద్దుగూకగానే పార్కు గేట్లు మూసేస్తారని విసుక్కునేవాళ్లకూ ఇదే జవాబు.

అపోహ: పెద్ద పార్కు ఉంటే చాలు.
వాస్తవం: ఒక్క మగ ప్యూమాకే వందల చదరపు కిలోమీటర్లు కావాలి. లాస్ ఏంజెలెస్ దగ్గరి శాంటా మోనికా కొండలకు ఒకపక్క సముద్రం, మిగతా పక్కల 101, 405 ఫ్రీవేలు. కొత్త రక్తం రాక దగ్గరి చుట్టరికంలోనే జతకట్టడంతో, 2020లో అక్కడ తోక చివర వంకర తిరిగిన ప్యూమా కనిపించింది. అగౌరా హిల్స్ దగ్గర 101 మీదుగా జంతువుల వంతెన పని 2022లో మొదలైంది అందుకే.

అపోహ: ఎలుకల మందుతో చచ్చేది ఎలుకలే.
వాస్తవం: మందు తిన్న ఎలుకను కయోటీ (నక్కలాంటి జంతువు) తింటుంది, కయోటీని ప్యూమా తింటుంది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో అప్పట్లో ఉండిన పి-22 అనే ప్యూమా 2014లో గజ్జి పట్టి చిక్కిపోయి దొరికితే, పరీక్షల్లో ఎలుకల మందు బయటపడింది. మీ ఇంటి గోడ వెంబడి పెస్ట్ కంట్రోల్ వాళ్లు పెట్టే నల్ల డబ్బాల్లో ఏ మందుందో ఈసారి వచ్చినప్పుడు అడగండి. రక్తం గడ్డకట్టనివ్వని రకమైతే వద్దనండి.