ఎర్ర దీపం ఎందుకు మిణుకుమంటోంది?

పవర్ బటన్ నొక్కగానే ముందున్న ఎర్ర దీపం సెకనుకోసారి వెలిగి ఆరుతూ ఉంటుంది. టీవీ తెర కూడా అదే లయలో ఏదో ఒక రంగుతో మెరిసి నల్లబడుతుంది. నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, అంటే ఎన్‌ఈఎస్ అనే పాత వీడియో గేమ్ కన్సోల్, చేతికి వచ్చినవాళ్లు చాలామంది ఇది చూసి కన్సోల్ చచ్చిపోయిందనుకుంటారు. కానీ దీపం మిణుకుమంటోందంటే లోపలికి కరెంటు వస్తున్నట్టే. అక్కడ ఒక కాపలా చిప్ మెలకువగా ఉండి, తనకు రావలసిన జవాబు రాక కన్సోల్‌ను మళ్లీ మళ్లీ రీసెట్ చేస్తోంది.

ఆ చిప్ పేరు 10ఎన్‌ఈఎస్. కన్సోల్‌లో ఒకటి, అధికారిక కార్ట్రిడ్జ్‌లో (కన్సోల్‌లో గుచ్చే గేమ్ డబ్బాలో) అలాంటిదే ఇంకొకటి ఉంటాయి. కన్సోల్‌లోది తాళం, కార్ట్రిడ్జ్‌లోది తాళంచెవి. రెండూ ఒకే గడియారం మీద ఒకే లెక్క చేస్తూ ఒకదానికొకటి బిట్లు పంపుకుంటాయి. వచ్చిన బిట్ తాను లెక్కగట్టినదానితో సరిపోకపోతే తాళం చిప్ కన్సోల్‌కు మెదడులాంటి సీపీయూని రీసెట్‌లో పెడుతుంది. మిణుకు అదే. ఎన్‌ఈఎస్‌కు జపాన్ రూపంగా 1983లో వచ్చిన ఫ్యామికామ్‌లో ఈ కాపలా లేదు. 1985లో అమెరికాకు వచ్చిన ఎన్‌ఈఎస్‌లో పెట్టారు, 1993 నాటి పైనుంచి గుచ్చే మోడల్‌లో మళ్లీ తీసేశారు.

ఈ రెండు చిప్‌ల సంభాషణ మొత్తం నాలుగు పిన్నుల మీదుగా నడుస్తుంది. కార్ట్రిడ్జ్ గుచ్చే కనెక్టర్‌లో మొత్తం 72 పిన్నులు, పైవరసలో 36, కిందివరసలో 36. ఆ నాలుగింటిలో ఒక్కదానికి మురికి పట్టినా, మిగతావన్నీ అద్దంలా ఉన్నా, దీపం మిణుకుమంటూనే ఉంటుంది. కాబట్టి చిప్‌లను అనుమానించేముందు కనెక్టర్‌ను అనుమానించాలి.

ఆ కనెక్టర్ అంత త్వరగా అలిసిపోవడానికి కారణం దాని అమరికే. వీసీఆర్‌లా కనిపించాలని కార్ట్రిడ్జ్‌ను ముందునుంచి తోసి, ఆపైన ట్రేతో సహా కిందికి నొక్కేలా చేశారు. తోసేటప్పుడు పిన్నులు వదులుగా ఉంటాయి, కిందికి నొక్కాకే బిగుస్తాయి. అలా నొక్కిన ప్రతిసారీ స్ప్రింగులాంటి ఆ పిన్నులు వంగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ పట్టు సడలుతుంది. పైగా నేరుగా గుచ్చే కనెక్టర్‌లో రాపిడి వల్ల మురికి తనంతట తానే రాలిపోతుంది, ఇక్కడ ఆ రాపిడి తక్కువ.

కార్ట్రిడ్జ్‌లోకి నోటితో ఊదితే పనిచేసింది అంటారు. పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. ఆ కదలికకు కాంటాక్టుల మీది పొర కాస్త గీసుకుని కొత్త చోట లోహం లోహానికి తగులుతుంది. ఊపిరిలోని తేమ మాత్రం అక్కడే మిగిలి తుప్పుకు దారితీస్తుంది. ఊదే అలవాటు మానాలి.

మొదట కార్ట్రిడ్జ్‌ను శుభ్రం చేయండి. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో అంచు కాంటాక్టులను రెండువైపులా రుద్దాలి. మొదటి పుల్ల బూడిదరంగుకో నలుపుకో తిరుగుతుంది. పుల్ల తెల్లగా బయటికొచ్చేదాకా మార్చుతూ పోవాలి. ఇందుకు కార్ట్రిడ్జ్ విప్పనక్కర్లేదు. విప్పాలనుకుంటే మాత్రం చాలావాటికి 3.8 మి.మీ. గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొన కావాలి. గరుకు కాగితం, స్టీల్ పీచు జోలికి పోవద్దు. కాంటాక్టుల మీద బంగారు పూత చాలా పలుచన, ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు.

తర్వాత కన్సోల్. అడాప్టర్ తీసేసి, అడుగున ఉన్న 6 ప్లస్ స్క్రూలు విప్పితే మూత వస్తుంది. లోపలి రేకు కవచం, ట్రే కూడా స్క్రూలతోనే బిగించి ఉంటాయి. అన్నిటి పొడవూ ఒకటి కాదు, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోండి. ట్రే తీశాక కనెక్టర్‌ను మదర్‌బోర్డు అంచు నుంచి మెల్లగా లాగితే ఊడి వస్తుంది, టంకం ఉండదు. చాలామంది మరిచిపోయేది ఇక్కడే: కనెక్టర్‌కు రెండు ముఖాలున్నాయి. ఒకటి కార్ట్రిడ్జ్‌ను పట్టేది, రెండోది బోర్డు అంచును పట్టేది. ఆ బోర్డు అంచునూ ఆల్కహాల్‌తో తుడవాలి.

కనెక్టర్‌ను 5 నుంచి 10 నిమిషాలు నీళ్లలో మరిగించే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. అది పనికొస్తుంది, పాత జిడ్డు వదులుతుంది. అయితే మరిగే నీటి వేడికి సడలిన స్ప్రింగు మళ్లీ బిగుసుకోదు. మరిగించాక కనీసం ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. సూదితో పిన్నులను పైకి లేపడం చివరి ప్రయత్నంగానే చేయాలి. ఎక్కువ లేపితే పక్క పిన్నుకు తగిలి షార్ట్ అవుతుంది. కొత్తగా తయారయ్యే కనెక్టర్లు కొన్ని కార్ట్రిడ్జ్‌ను ఎంత గట్టిగా పట్టేస్తాయంటే, బయటికి లాగడమే కష్టం. అందుకే అసలుది బాగుచేయగలిగితే అదే మేలు.

కాపలా చిప్ నాలుగో కాలు కోసి, దాన్ని గ్రౌండ్‌కు కలిపితే అది తాళం పని మానేసి తాళంచెవిలా ప్రవర్తిస్తుంది, రీసెట్ ఆగిపోతుంది. కానీ మురికి అలాగే ఉంటే మిణుకు స్థానంలో చెత్త తెర వస్తుంది, అంతే. శుభ్రం చేయడం ముందు, కోయడం తర్వాత.

దీపం అసలు వెలగకపోతే దారి వేరు. ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, 1.3 ఆంపియర్లు. మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి కొలవాలి, డీసీలో పెడితే మంచి అడాప్టర్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. ఇదే అడాప్టర్‌ను డీసీ కోరే ఫ్యామికామ్‌కు తగిలిస్తే దానికి ప్రమాదం. కన్సోల్ లోపల ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫైయర్, దాన్ని నునుపుచేసే 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్, 5 వోల్టుల దగ్గర నిలిపే 7805 రెగ్యులేటర్ వరసగా ఉంటాయి. 7805 మూడో కాలు దగ్గర 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి. 5 వోల్టులు వస్తున్నా తెర మీద అడ్డపట్టీలు పాకుతూ, స్పీకర్‌లో గుంయ్‌మని మోత వినిపిస్తే ఆ పెద్ద కెపాసిటర్ ఎండిపోయిందని అనుమానించాలి. 2200 మైక్రోఫారడ్, 25 వోల్టులో అంతకన్నా ఎక్కువో ఉన్నది వేయండి, ప్లస్ మైనస్ తప్పకుండా.

దీపం నిలకడగా వెలుగుతూ కూడా బొమ్మ తప్పుగా వస్తుంటే తెరనే చదవాలి. తెర మీది నేపథ్యం 8×8 చుక్కల చిన్న పలకలతో కూర్చినది, అడ్డంగా 32, నిలువుగా 30. ఏ పలక ఎక్కడ ఉండాలో చెప్పే పట్టిక కన్సోల్‌లోని 2 కిలోబైట్ల వీడియో ర్యామ్‌లో ఉంటుంది. పలకల రూపాలు కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. అక్షరాలు చక్కగా ఉన్నా తప్పుచోట్ల చెల్లాచెదురుగా పడుంటే వీడియో ర్యామ్ వైపు చూడాలి. అక్షరాల్లోనే నిలువు గీతలు పడి, ‘ఎ’ అనే అక్షరం ఎక్కడ కనిపించినా ఒకేలా చిరిగి ఉంటే కార్ట్రిడ్జ్ నుంచి డేటా తెచ్చే దారి ఏదో తెగింది, అంటే మళ్లీ కనెక్టరే. ఈ ఒక్క తేడా తెలిస్తే గంటల శ్రమ మిగులుతుంది.

శబ్దం కూడా సాక్ష్యమే. ఎన్‌ఈఎస్‌లో శబ్దాన్ని పుట్టించేది సీపీయూ చిప్పే. సంగీతం సవ్యంగా వినిపిస్తూ బొమ్మ లేదంటే సీపీయూ బతికే ఉంది. బొమ్మ గీసే పీపీయూనో, దాని నుంచి టీవీకి వెళ్లే దారినో వెతకాలి. ర్యామ్ మార్చాల్సి వస్తే అది 24 కాళ్ల 6116 రకం. పాత చిప్ కాళ్లను ముందు కత్తిరించి, ఒక్కొక్కటిగా వేడిచేసి లాగితే బోర్డు మీది రాగి ఊడదు. ఆ చోట సాకెట్ టంకం వేస్తే మరోసారి మార్చడం తేలిక.

కంట్రోలర్ లోపాలు ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. లోపల 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్ ఎనిమిది బటన్ల స్థితిని ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటిగా పంపుతుంది. అందుకే ఒక్క బటన్ మాత్రమే పనిచేయకపోతే తప్పు దాని రబ్బరు కిందున్న కార్బన్ బిళ్లదో, బోర్డు మీది మురికిదో. అన్నీ ఒకేసారి పోతే తీగనే చూడాలి, అది ఎక్కువగా కంట్రోలర్‌లోకి దూరే చోట విరుగుతుంది. కంట్రోలర్‌ను రెండో పోర్టులోకి మార్చి చూడండి. లోపం దాంతోపాటే వస్తే తప్పు కంట్రోలర్‌ది. మొదటి పోర్టులోనే ఉండిపోతే, మదర్‌బోర్డు మీద పోర్టుల వెనకుండి కంట్రోలర్ సంకేతాలను అందుకునే 74హెచ్‌సీ368 చిప్‌ల దాకా తీగలను మల్టీమీటర్‌తో ఒక్కొక్కటే తాకి చూసుకుంటూ పోవాలి.