కొమ్ము కోస్తే ప్రాణం దక్కుతుందా?

ఖడ్గమృగం కొమ్ములో ఎముక ఉండదు. మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరాటిన్ అనే ప్రోటీనే అక్కడ గట్టిగా పేరుకుని ఉంటుంది. మొదలుకు కాస్త పైన కోస్తే నొప్పి తెలియదు, రక్తం రాదు, మళ్లీ పెరుగుతుంది కూడా. మరి చంపడం ఎందుకు?

వేటగాడి లెక్క వేరు. జంతువు బతికుండగా కొయ్యాలంటే మత్తుమందు కావాలి, మోతాదు తెలిసిన డాక్టర్ కావాలి. తుపాకీకి ఇవేవీ అక్కర్లేదు. పైగా చర్మం లోపలున్న మొదలు కూడా తూకంలో కలిసొస్తుంది. అందుకే గొడ్డలితో ముక్కు ఎముక దాకా నరికేస్తారు, కొన్నిసార్లు అది కొన ఊపిరితో ఉండగానే.

దక్షిణాఫ్రికాలో ఇలా 2007లో 13 చనిపోతే, 2014లో ఏకంగా 1,215 పోయాయి. ఆ మధ్యకాలంలోనే వియత్నాంలో గిరాకీ పెరిగింది. కొమ్ము పొడితో క్యాన్సర్ తగ్గుతుందని ప్రచారం, డబ్బున్నవాళ్లకు అదో హోదా. గోళ్లు కొరుక్కున్నా అదే ప్రోటీన్ కదా! అంతర్జాతీయ వ్యాపారాన్ని 1977లోనే నిషేధించినా ఆగలేదు. అదే వియత్నాంలో మిగిలిన చివరి జావా ఖడ్గమృగం 2010లో శవమై దొరికింది, కాలిలో బుల్లెట్‌తో, కొమ్ము లేకుండా.

ఆడది 15, 16 నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. మళ్లీ కాన్పుకు కనీసం రెండు మూడేళ్లు. తల్లిని చంపితే పాలు తాగే పిల్ల కూడా చాలాసార్లు దక్కదు. 1970లో సుమారు 65 వేలున్న నల్ల ఖడ్గమృగాలు 1995 నాటికి 2,500 లోపుకు పడిపోయాయి. ఇప్పటికి కోలుకున్నది ఆరు వేల పైచిలుకే.

అందుకే ఆఫ్రికాలో కొన్నిచోట్ల అధికారులే ముందుగా కొమ్ము కోసేస్తున్నారు. హెలికాప్టర్ నుంచి మత్తు ఇంజక్షన్ కొట్టి, కళ్లకు గంతలు కట్టి, చెవుల్లో గుడ్డ కుక్కి, రంపంతో కొన్ని నిమిషాల్లో పని ముగిస్తారు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు చుట్టుపక్కల అభయారణ్యాల్లో దీనివల్ల వేట 78 శాతం తగ్గిందని 2025లో వచ్చిన పరిశోధన తేల్చింది. అయినా మిగిలిన మొదలు కోసమే చంపేవాళ్లున్నారు. కొమ్ము ఏడాదిన్నర, రెండేళ్లకు మళ్లీ ఎదుగుతుంది, మళ్లీ కొయ్యాలి. కొమ్ము పోయిన నల్ల ఖడ్గమృగాలు తాము తిరిగే పరిధిని బాగా కుదించుకుంటున్నాయని కూడా తేలింది. మంచి ఉపాయమే, కానీ ఊరికే రాలేదు.

అస్సాం దారి వేరు. కాజీరంగాలో కొమ్ములు కొయ్యరు, సాయుధ గస్తీనే నమ్ముకున్నారు. 2021లో ప్రభుత్వం తన దగ్గరున్న 2,479 కొమ్ములను బహిరంగంగా కాల్చేసింది. ఆ మరుసటి ఏడాది రాష్ట్రంలో ఒక్క ఖడ్గమృగమూ వేటకు బలికాలేదు. బ్రహ్మపుత్రకు వరదలొచ్చినప్పుడే అసలు టెన్షన్. జంతువులు పార్కు దాటి, హైవే మీదుగా కర్బీ ఆంగ్లాంగ్ కొండలెక్కుతాయి. గార్డులు కూడా వాటి వెనకే కదలాలి.