అంగిలి ఇచ్చే అరువు

పర్లాకిమిడిలో మా పెద్దమ్మ ఇంట్లో తెల్లవారగానే మొదట తెరుచుకునేది గుడాకు డబ్బా. పొగాకు, చెరకు మడ్డి కలిపిన ఆ ముద్దను వేలికి తీసుకుని, పెరటి గట్టు మీద కూర్చుని అరగంట తోముతుంది. ‘‘దీనివల్లేరా నా పళ్లు గట్టిగున్నాయి’’ అంటుంది. ఆమె పళ్లు కదలని మాట నిజమే. కాకపోతే కింది వరసలో ముందు పళ్లు ఏటికేడూ పొడవవుతున్నాయి.

పళ్లేం పెరగట్లేదు, చిగురు దిగుతోంది. రోజూ గట్టిగా రుద్దితే పలచటి చిగురు అరుగుతుంది. పొగాకు ఒకేచోట తగులుతుంటే ఇంకా తొందరగా దిగుతుంది. బయటపడిన వేరుకు ఎనామిల్, అంటే పన్ను మీదుండే గట్టి పెంకు, ఉండదు. పైనున్న పలచటి పొర అరిగాక కంటికి కనబడని సన్నటి గొట్టాలు తెరుచుకుంటాయి. చన్నీళ్లు తగిలితే వాటిలోని ద్రవం కదిలి, పన్ను జివ్వుమంటుంది. గోరు పెరిగినట్టు చిగురు మళ్లీ పెరగదు. ఏ పేస్టూ దాన్ని పైకి తేలేదు.

బరంపురంలో చూపిస్తే డాక్టరుగారు ‘‘అంగిట్లోంచి కొంచెం తీసి ఇక్కడ అతకొచ్చమ్మా’’ అన్నారు. ‘‘నోట్లోంచి తీసి నోట్లోనేనా!’’ అని పెద్దమ్మ నవ్వింది.

బుగ్గ లోపలి చర్మం మెత్తన, మాట్లాడితే కదిలిపోతుంది. అంగిలి అలా కాదు. చిగురులాగే నమలడానికి తట్టుకునే గట్టి చర్మం. అసలు గుట్టు ఆ చర్మం కింది కణజాలంలో ఉంది. పైన ఎలాంటి చర్మం రావాలో అదే నిర్ణయిస్తుందని 1975లో కోతుల మీద చేసిన ప్రయోగంలో తేలింది. అందుకే ఇప్పుడు చాలాసార్లు పై చర్మాన్ని తలుపులా తెరిచి, కింది పొరను మాత్రం తీసుకుని, మళ్లీ మూసి కుట్టేస్తారు. 1985 నుంచి బాగా వాడుకలోకొచ్చిన పద్ధతి ఇది. పై చర్మంతో సహా తీసే పాత పద్ధతిలో అంగిట్లో పచ్చిపుండు మిగిలేది, అతుకు కూడా తెల్లగా వేరే రంగులో కనబడేది.

తీసే ముక్క మందం దాదాపు రూపాయి బిళ్లంత, 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు. మొదటి రెండు మూడు రోజులు దానికి రక్తం అందదు. చుట్టూ ఊరే ద్రవంతోనే బతకాలి. వేరు మీద ఆ ద్రవమూ ఊరదు, అది రాయితో సమానం. కాబట్టి ముక్కను వేరు పక్కలనున్న బతికిన చిగురు కిందికి దోపి, కదలకుండా కుడతారు. పొగాకు రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. అలాంటి నోట్లో అతుకు నిలవడం కష్టం.

ఇక గంజాం, శ్రీకాకుళం తీరంలో కొందరు ఆడవాళ్లు తాగే అడ్డపొగ సంగతి. చుట్ట వెలుగుతున్న కొస నోట్లోపలే ఉంటుంది కదా, ఆ వేడంతా అంగిలికే. తెల్లమచ్చలు పడతాయి, కొందరికి క్యాన్సర్ అవుతుంది. అలాంటి అంగిట్లోంచి అరువు తీసుకోవడం మాట అటుంచి, ముందు దాన్నే పరీక్ష చేయించాలి.

పెద్దమ్మ అంగిలి బాగానే ఉంది. అయితే పళ్ల మధ్య ఎముక కాస్త తగ్గినందువల్ల వేరు పూర్తిగా మూసుకోదనీ, సగమో ముప్పాతికో మూయొచ్చనీ డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. ముందు గుడాకు మానితేనే కత్తి పట్టుకుంటానన్నారు. మూడు వారాలైంది. డబ్బా అటకెక్కింది. పారేద్దామంటే మాత్రం ఒప్పుకోవట్లేదు.